తీసుకెళ్ళని సంచులు

గ్రిమ్స్‌బీ రేవుకి రెండు వీధుల ఇవతల
నా మందుల షాపు.
కౌంటర్ వెనక అరలో
తీసుకెళ్ళని సంచులుంటాయి, తెల్ల కాగితంవి,
ఒక్కోదాని మీద ఒక పేరు, ఒక పుట్టినతేదీ.
మామూలు రోజుల్లో అది మతిమరుపు.
ఆ ఏప్రిల్‌లో
అది కబురు.

మిసెస్ హాల్‌గార్త్, ఇన్‌హేలర్, పదకొండు రోజులు.
బెర్నార్డ్ స్కెల్టన్, ఇన్సులిన్, నాలుగు రోజులు.
డాక్టర్ ఒబియోరా దగ్గర ఫైళ్ళున్నాయి,
ఫైలుకి తలుపు తట్టడం రాదు.
ఇంటింటికీ తిరిగే నర్సు మొయిరాకి తలుపులన్నీ తెలుసు,
ఇవాళ ఏది తట్టాలో తెలీదు.
నా దగ్గరున్నవి సంచులు.

మూతపడ్డ బింగో హాలు కార్ పార్కులో
పొద్దున్నే ఏడింటికి, ఆరడుగుల ఎడంలో,
ఎవరి ఫ్లాస్కు వాళ్ళు పట్టుకుని
ముందు ముగ్గురం, నెల తిరిగేసరికి తొమ్మండుగురం.
సముద్రపు గాలి మాటల్ని ఎత్తుకుపోతుంటే
అరిచి చెప్పుకునేవాళ్ళం,
వీధి పేరూ ఇంటి నంబరూ మాత్రమే,
జబ్బు పేరు గాలికి కూడా చెప్పకుండా.

మొదటివారం పోట్లాడుకున్నాం కూడా.
"జాబితా నేను పంపుతాను, మీరు దాని ప్రకారం వెళ్ళండి"
అన్నాడు డాక్టర్.
మొయిరా ఫ్లాస్కు మూత బిగించి
"మీ జాబితాలో ముగ్గురు నిరుడే పోయారు" అంది.
మర్నాడు ఆయన నోటుబుక్కుతో వచ్చాడు,
రాయించడానికి కాదు, రాసుకోవడానికి.

చేపల ఫ్యాక్టరీలో ముళ్ళు తీసే రాసా
లిథువేనియాలో ప్రసూతి నర్సట.
ఆరేళ్ళుగా ఇక్కడ ఎవరూ అడగలేదు.
"ఒక ఇంట్లో ఎనిమిదిమంది,
పగటి షిఫ్టు లేచిన పరుపు మీదే రాత్రి షిఫ్టు పడుకుంటుంది.
జ్వరమంటే జీతం పోతుంది,
అందుకే మాలో ఎవరికీ జ్వరం లేదు."
ఆ మాట ఏ చార్టులోనూ లేదు.
యజమాని దగ్గరికి వెళ్ళాం,
డాక్టర్ టైతో, మొయిరా కోపంతో, రాసా లెక్కలతో,
నేను వాళ్ళ వెనక.
జ్వరం సెలవుకి జీతం ఒప్పుకున్నాడు,
సగం.
సగమే. అదీ ఇక్కడ రాసి ఉండనీ.

మందులు మోసింది నార్మన్ టాస్కర్ చేపల వ్యాను.
బీపీ మాత్రలకి హాడక్ వాసన.
ఏ సందులో ఆగినా ముందు పిల్లులొచ్చేవి,
పిల్లుల వెనక ముసలాళ్ళు, కిటికీ అద్దం దాకా.
అద్దానికి పచ్చ కాగితం అంటిస్తే కులాసా.
ఎర్రదైతే మొయిరా.
మిసెస్ హాల్‌గార్త్ రెండూ అంటించింది.
"కులాసాయే, కాసేపు మాట్లాడి వెళ్ళండి" అని అర్థమట.

గురువారం రాత్రి ఎనిమిదింటికి వీధి వీధంతా చప్పట్లు.
షాపు గుమ్మంలో ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాను.
ఒంటి చేత్తో చప్పట్లు మోగవని మా వైపు మాట,
మొయిరాకి ఇంగ్లీషులో చెప్పబోయి తడబడి
రెండు చేతులూ చాపి చూపించాను.
కడిగి కడిగి పగిలి, వేళ్ళ సందుల్లో ఎర్రగా.
రోడ్డుకి అవతల నుంచి తనూ తన చేతులు చాపింది.
"వీటితో కొడితే మోత కాదు, మంట" అంది.
నవ్వాం. మాస్కుల్లో నవ్వు భుజాల్లో కనిపిస్తుంది.

అందరినీ అందుకున్నామని చెప్పను.
మేం వెళ్ళేసరికి బెర్నార్డ్ స్కెల్టన్ గుమ్మంలో
మూడు పాలసీసాలు.
మొయిరా లోపలికెళ్ళింది, చాలాసేపటికి వచ్చింది,
సంచి నా చేతిలో తిరిగి పెట్టింది.
వెనక్కొచ్చిన మందు పారెయ్యాలని నియమం, పారేశాను.
కాగితం సంచి మడిచి సొరుగులో ఉంచాను,
దానికి నియమమేం లేదు.

ఇప్పుడు బింగో హాలు తెరిచారు.
రాసా పరీక్షలకి చదువుతోంది,
అర్థంకాని మాటలు నన్నడిగి, నాకూ రాకపోతే నార్మన్‌ని అడుగుతుంది.
బుధవారాలు ఏడింటికి ఇంకా కలుస్తాం,
చెప్పుకోవడానికేం లేకపోయినా, ఫ్లాస్కులతో.

నిన్న అరలో ఒక సంచి, ఆరో రోజు.
షాపు మూసి, కోటు తొడుక్కుని
నేనే బయల్దేరాను.
మరిచిపోయి ఉంటారు.
మరిచిపోయే ఉండాలి.